రాతి గుట్టపై సైకిలు బాట

హైదరాబాదు పాతబస్తీలో మూసీ నదికి దక్షిణమున మాదన్నపేట ఉన్నది. గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషాకు మంత్రిగా నుండిన మాదన్న పేరు ఈ పేటకు నిలిచినది. ఇచ్చటి కూరగాయల మండీకి వచ్చిపోవువారికి సైకిలు పాత చుట్టము. మూట ఎంత బరువైనను, సందు ఎంత ఇరుకైనను, చదునైన నేలపై సైకిలు మాట వినును. అదే సైకిలును నగరమునకు పడమట నున్న ఖాజాగూడ గుట్టల వంటి రాతి నేలకు తీసికొనిపోయినచో దాని తీరే మారిపోవును. ఎక్కునపుడు వెనుక చక్రము ఉన్నచోటనే తిరుగును. దిగునపుడు బ్రేకు వేసినను బండి జారిపోవును. వాన కురిసిన మరునాడు పోయి చూచినచో, నిన్న చక్రము జారినచోట చిన్న కాలువ కనబడును.

ఈ మూడు విషయములకు సంబంధము కలదు. రాయి, చక్రము, నీరు అను మూడింటి నడుమ జరుగు వ్యవహారమును గ్రహించినవాడు గుట్టపై తాను పడడు, గుట్టను పాడు చేయడు.

ఈ ఆట పుట్టుక

గుట్టలపై సైకిలు త్రొక్కుట ఒక ఆటగా రూపొందినది 1970 తరువాతి దశాబ్దములో. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో మెరిన్ అను ప్రాంతమున కొందరు యువకులు పాత, లావు టైర్ల సైకిళ్లను కొండపైకి చేర్చి, మట్టిబాట వెంట దిగువకు తోలెడివారు. 1976 అక్టోబరులో ఒక బాటపై మొదటి పందెము జరిగినది. ఆ బాట రెండు మైళ్లలోపుననే సుమారు 1,300 అడుగులు దిగును. దానికి 'రీప్యాక్' అను పేరు వచ్చినది. ఆ సైకిళ్ల బ్రేకు వెనుక ఇరుసులోనే ఉండెడిది. ఒక్కసారి దిగుసరికి అందలి గ్రీజు వేడికి కరిగి, కాలి, పొగయై పోయెడిది. ప్రతి పందెము తరువాత ఇరుసును విప్పి మరల గ్రీజు దట్టింపవలసి వచ్చెడిది. ఆంగ్లమున ఆ మాటకు 'మరల దట్టించుట' అని అర్థము.

అంత వేడి ఎచ్చటి నుండి వచ్చినది? మనిషి, సైకిలు కలిసి 100 కిలోగ్రాములు ఉన్నవనుకొందము. 1,300 అడుగులు సుమారు 400 మీటర్లు. అంత ఎత్తు నుండి దిగినపుడు విడుదలయగు శక్తి 100 × 9.8 × 400, అనగా 3,92,000 జౌళ్లు. ఇది సుమారు లీటరుంబావు చల్లని నీటిని మరగబెట్టుటకు చాలును. ఇందులో కొంత గాలిని చీల్చుటకు పోయినను, మిగిలినదంతయు బ్రేకులోను, నేలపైననే ఖర్చు కావలెను. కొండ దిగువాడు ఈ లెక్కను తప్పించుకొనలేడు. శక్తిని బ్రేకు ద్వారా నెమ్మదిగా వేడిగా మార్చుటయో, నేలను త్రవ్వుటకు వెచ్చించుటయో జరిగి తీరవలెను.

1996లో అట్లాంటాలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఈ ఆటకు మొదటిసారి చోటు దొరకినది. నేడు లదాఖ్ వంటి ఎత్తైన ఎడారి ప్రాంతములకు సైతము దీని కొరకు జనులు పోవుచున్నారు.

గుట్టను కప్పిన మొరము

హైదరాబాదు గుట్టలు గ్రానైటు శిలలు. వీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. భూగర్భమున కరిగిన శిలాద్రవము మెల్లగా చల్లారి గ్రానైటు ఏర్పడినది. పైనున్న పొరలు యుగయుగములుగా కొట్టుకొనిపోగా ఇది బయటపడినది. బరువు తొలగుటచే శిల వ్యాకోచించి పగుళ్లు వారినది. పగుళ్లలోనికి నీరు దిగి మూలలను ముందుగా తినివేసినది. మూలలు పోయిన దిమ్మ గుండ్రనగును గదా! నగరము చుట్టును ఒకదానిపై నొకటి ఎవరో పేర్చినట్లు కనబడు గుండ్లన్నియు ఈ విధముగా తయారైనవే.

గ్రానైటులో ముఖ్యముగా మూడు ఖనిజములున్నవి: క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకము. ఫెల్డ్‌స్పార్ నీటి ప్రభావమున క్రమముగా బంకమట్టి యగును. క్వార్ట్జ్ మాత్రము చెక్కుచెదరక గట్టి పలుకులుగా మిగులును. ఈ మట్టి, పలుకులు కలిసినదే మనము మొరము అని పిలుచు పదార్థము. గుట్ట వాలుపై ఈ మొరము పలుచని పొరగా నుండును. దాని క్రింద మరల రాయియే. ఒక జానెడు మొరము తయారగుటకు ఎన్నో తరములు పట్టును. అది కొట్టుకొనిపోవుటకు కొన్ని వానలు చాలును.

పట్టు చిక్కు చోటు, తప్పు చోటు

పొడిగా నున్న వట్టి రాతిపై రబ్బరుకు మంచి పట్టు దొరకును. గరుకైన రాతి పలుకుల నడుమ రబ్బరు ఒదిగి కూర్చుండుటయే ఇందుకు కారణము. అమెరికాలోని యూటా రాష్ట్రమున మోయాబు అను ఊరివద్ద ఎత్తైన ఎడారిలో ఇసుకరాతి దిబ్బలపై 1969లో మోటారు సైకిళ్ల కొరకు ఒక బాట గుర్తించిరి. తరువాత అది సైకిళ్లవారికి ప్రసిద్ధ స్థలమైనది. ఆ రాతికి 'జారుడు బండ' అను అర్థమిచ్చు పేరున్నది. ఇనుప లాడములు కొట్టిన గుఱ్ఱములు దానిపై జారెడివి. లాడము జారిన ఆ రాతిపైననే రబ్బరు నిలిచినది.

మొరముపై సంగతి వేరు. విడివిడిగా నున్న గుండ్రని పలుకులు సైకిలు ఇరుసులోని గుండ్లవలె చక్రము క్రింద దొరలును. రబ్బరు పలుకును పట్టుకొనును గాని, పలుకు నేలను పట్టుకొనదు.

ఇందుకు రెండు ఉపాయములు కలవు. మొదటిది టైరు. ఒక్కొక్క చక్రముపై 40 కిలోగ్రాముల బరువు పడునని అనుకొందము. టైరులో చదరపు సెంటీమీటరునకు 4 కిలోగ్రాముల పీడనమున్నచో, అది నేలను తాకు వైశాల్యము సుమారు 10 చదరపు సెంటీమీటర్లు. వెడల్పైన టైరులో పీడనమును 1.6కు తగ్గించినచో ఆ వైశాల్యము 25 అగును. టైరు రాతి ఎగుడుదిగుడులకు అనుగుణముగా వంగును, ఎక్కువ పలుకులను ఒక్కసారిగా అదిమిపట్టును, నేలను తక్కువగా నొక్కును.

రెండవది గేరు. మామూలు సైకిలుకు ముందు చక్రములో 44 పండ్లు, వెనుక 18 పండ్లు ఉన్నవనుకొనుడు. పెడలు ఒకసారి తిరిగినచో వెనుక చక్రము సుమారు 2.4 సారులు తిరిగి, బండి 5 మీటర్లకు పైగా పోవును. గుట్టల సైకిలులో ముందు 22, వెనుక 34 పండ్లను కలిపినచో బండి 1.3 మీటర్లు మాత్రమే కదలును. దూరము తగ్గిన కొలది కాలికి పడు భారము తగ్గును. ఒక్కసారిగా లాగుట లేనందున చక్రము మొరములో తిరుగక సాగును.

దిగునపుడు జరుగునది

ప్రమాదములు ఎక్కుడులో కంటె దిగుడులో ఎక్కువ. సైకిలును, దానిపైనున్న మనిషిని కలిపి ఒక వస్తువుగా భావింపుడు. దాని గురుత్వ కేంద్రము సీటునకు కొంచెము పైన ఉండును. చదునైన నేలపై అచ్చటి నుండి వ్రేలాడదీసిన గుండుదారము రెండు చక్రముల నడుమ పడును. బండి వాలుపైకి వంగినపుడు ఆ దారము ముందు చక్రము వైపు జరుగును. అప్పుడు ముందు బ్రేకును గట్టిగా పట్టినచో శరీరము ముందునకు పోవ యత్నించి, వెనుక చక్రము నేలను విడిచి, మనిషి హాండిలు మీదుగా బోర్ల పడును. నేర్పరులు దిగునపుడు సీటుపై నుండి లేచి, వెనుకకు జరిగి, క్రిందికి వంగుట గురుత్వ కేంద్రమును వెనుకకు, దిగువకు త్రిప్పుటకే.

భయపడినవాడు వెనుక బ్రేకునే బిగించును. కాని బరువంతయు ముందునకు పోయియున్నందున వెనుక చక్రము తేలికయై, వెంటనే బిగుసుకొని, తిరుగక ఈడ్చుకొనిపోవును. తిరుగు చక్రము నేలను నొక్కును; బిగిసిన చక్రము నేలను దున్నును. గుట్టపై నాగటి చాలు పడుట ఇట్లే. వాలు రాకముందే వేగము తగ్గించుకొని, రెండు బ్రేకులను మెత్తగా వాడుటయే దీనికి మందు.

అసలు శత్రువు నీరు

చక్రము చేసిన చాలు వ్రేలెడు లోతు కూడ ఉండదు. అది పెరిగి కందకమగుటకు కారణము వాన. ఎడారి ప్రాంతమున వాన తక్కువ గనుక కోత ఉండదని అనుకొనుట పొరపాటు. లేహ్ పట్టణమున ఏడాదికి పడు వర్షము సుమారు 100 మిల్లీమీటర్లు. అనంతపురము ప్రాంతమున సుమారు 550. హైదరాబాదున సుమారు 800. కాని మెట్ట ప్రాంతపు వాన కొద్ది దినములలోనే, ఒక్క ఊపున కురియును. నేలను పట్టియుంచు గడ్డి, వేళ్లు పలుచన. కనుక పడిన నీరు ఇంకక పరుగెత్తును.

పరుగెత్తు నీటి బలము ఆశ్చర్యకరమైనది. ప్రవాహవేగము రెట్టింపైనచో, అది దొరలింపగల రాతి బరువు రెట్టింపు కాదు, 64 రెట్లగును. బరువు వేగముయొక్క ఆరవ ఘాతమును అనుసరించును. నిటారుగా దిగు చాలులో నీరు ఒకచోట చేరి లోతగును, వేగము పెరుగును. తొలి వాన పలుకులను కదల్చును, మలి వాన గులకరాళ్లను దొరలించును. ఆ పిమ్మట సైకిలువాడు ఆ గుంటను తప్పించుకొని ప్రక్కన త్రొక్కును. ప్రక్కన మరియొక చాలు పుట్టును. ఒక బాట మూడు బాటలై, చివరకు వట్టి రాయి మిగులును.

మోయాబు వంటి ఎడారులలో ఈ నష్టము మరింత తీవ్రము. అచ్చట ఇసుకపై సయనోబాక్టీరియా, శిలావల్కములు, నాచు కలిసి అల్లిన సజీవమైన పెచ్చు ఉండును. గాలికి, వానకు ఇసుక లేచిపోకుండ కాపాడునది అదియే. చక్రము దానిని ఒక్క క్షణములో పొడి చేయును. అది తిరిగి పెరుగుటకు దశాబ్దములు పట్టును.

మంచి బాట లక్షణములు

మేకల కాపరులు గుట్టలపై నడచు దారులను గమనింపుడు. అవి నిటారుగా దిగవు. వాలునకు అడ్డముగా, కొంచెము కొంచెముగా దిగుచు పోవును. బాట వేయువారి నియమములు కూడ ఇట్టివే.

మొదటి నియమము: బాట వాలు గుట్ట వాలులో సగమునకు మించరాదు. గుట్ట 100 అడుగుల అడ్డుదూరమునకు 16 అడుగులు దిగినచో, బాట 8 అడుగులకు మించి దిగరాదు. అట్లున్నచో నీరు బాట వెంట పోక, దానిని అడ్డముగా దాటి పోవును. మొత్తము మీద సగటు వాలు నూటికి 10 లోపున నుండుట మేలు.

రెండవ నియమము: బాట బయటి అంచు లోపలి అంచుకంటె కొంచెము పల్లముగా నుండవలెను. మూడవది: దిగు బాట అక్కడక్కడ కొద్దిగా ఎక్కి మరల దిగవలెను. ఆ పల్లము వద్ద నీరు బాటను విడిచిపోవును. మెట్ట రైతు సమోన్నత రేఖల వెంట గట్లు వేయుటలోను సూత్రమిదియే: నీటిని పరుగెత్తనీయకుండుట. నాల్గవది: సాధ్యమైనచోట బాటను మొరముపై గాక గట్టి రాతిపైననే నడిపింపవలెను.

ఇసుక కుప్పపై ప్రయోగము

దీనిని నిరూపించుటకు గుట్ట అక్కరలేదు. మాదన్నపేట వంటి పేటలో ఇల్లు కట్టుటకు తెచ్చిన మొరము గాని, మట్టి కలిసిన ఇసుక గాని దొరకును. పాఠశాల ఆవరణలో దానితో మోకాలెత్తు కుప్ప చేసి, తడిపి, అరచేతితో మెత్తుడు. ఒక ప్రక్క పైనుండి క్రిందికి నిటారుగా వ్రేలితో ఒక చాలు గీయుడు. రెండవ ప్రక్క అంతే లోతున, కుప్పను చుట్టుకొనుచు మెల్లగా దిగు చాలు గీసి, దాని బయటి అంచును కొంచెము చదును చేయుడు. ప్రతి చాలు క్రింద ఒక పళ్లెము ఉంచి, చిల్లుల డబ్బాతో రెండు ప్రక్కల సమానముగా నీరు చల్లుడు. పళ్లెములలో చేరిన మట్టిని ఆరబెట్టి తూచి, రెండు తూకములను ప్రక్కప్రక్కన వ్రాయుడు. చాలు వాలును మార్చి ప్రయోగమును మరల చేసినచో, ఏ వాలు దాటిన పిమ్మట మట్టి ఎక్కువగా పోవుచున్నదో విద్యార్థులే కనుగొందురు.

హైదరాబాదులో 2023లో బాహ్య వలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైనది. దానిపై సౌరఫలకముల కప్పు ఉన్నది. అట్టి బాట చెడినచో మరల వేయవచ్చును. గుట్టపై బాట అట్టిది కాదు. ఈ గుండ్లను కాపాడవలెనని 1996లోనే 'సొసైటీ టు సేవ్ రాక్స్' అను సంస్థ నగరమున ఏర్పడినది. రాతిని పగులగొట్టువారిని ఆపుట చట్టము పని. రాతిపైనున్న జానెడు మొరమును కాపాడుట మాత్రము, వాన వెలిసిన మరునాడు తడి గుట్ట ఎక్కక రెండు దినములు ఆగి, దిగునపుడు చక్రమును బిగియనీయక నడుపు సైకిలువాని చేతిలోనే ఉన్నది.