'సాఫెన్' అను ఆంగ్ల క్రియ

'సాఫెన్' అనగా మెత్తబడుట అని నిఘంటువు చెప్పును. అంతటితో మనము తృప్తి పడుదుము. కాని ఆంగ్లేయుల వంటయింటను, పత్రికలయందును, పరామర్శలయందును ఈ మాట నడచు తీరు గమనించినచో, మన 'మెత్తబడుట' దానితో కొంతదూరము మాత్రమే కలిసి నడచునని తెలియును.

ముందుగా ఉచ్చారణ. వ్రాతలో ఎఫ్ తరువాత టీ అక్షరము కలదు, పలుకులో లేదు. 'లిజన్', 'ఫాసెన్', 'కాసిల్' అను మాటలలోను టీ ఇట్లే మౌనము వహించును. 'ఆఫెన్' అను మాటలో నేడు పలువురు దానిని పలుకుచున్నారు, అది దోషముగా ఎంచబడదు. 'సాఫెన్'లో పలికినచో మాత్రము వినువారికి వింతగా తోచును.

మనకు మెత్తబడు, మెత్తపరచు అని రెండు రూపములు కలవు. ఆంగ్లమున ఒక్కటే రెండు పనులును చేయును. వెన్న తనంత తాను మెత్తబడినను సాఫెన్, ఇల్లాలు దానిని మెత్తపరచినను సాఫెనే.

వెన్న మాట వచ్చినది కనుక ఒక హెచ్చరిక. కేకు చేయు విధానమున వెన్నను 'సాఫెన్' చేయుడని యున్నచో, పొయ్యిమీద కరిగింపుడని అర్థము కాదు. శీతలపేటికనుండి తీసి, వ్రేలు నొక్కిన దిగునంతవరకు బయట ఉంచవలెను. అట్టి వెన్నను చక్కెరతో గిలకొట్టినపుడు గాలి అందులో నిలుచును. కరిగిన వెన్నలో అట్లు నిలువదు, కేకు గట్టిపడును. కరగుటకు వారికి 'మెల్ట్' అను వేరు మాట కలదు. ఉల్లిపాయలను 'సాఫెన్' చేయుట యనగా సన్నని సెగపై ఎఱ్ఱబడనీయక మగ్గనిచ్చుట. ఇక చెమ్మ తగిలి అప్పడమో బిస్కత్తో మెత్తబడినపుడు మనము అదే క్రియ వాడుదుము. ఆంగ్లేయుడు సాధారణముగా ఇచట 'సాఫెన్' అనడు, 'గాన్ సాఫ్ట్' అనును. చెడిపోయినదను ధ్వని అందులో ఉన్నది.

నీటికిని ఈ క్రియ చెల్లును. కాల్షియము, మెగ్నీషియము లవణములు గల కఠినజలములో సబ్బు నురుగు రాదు. ఆ లవణములను తొలగించు సాధనమును 'వాటర్ సాఫెనర్' అందురు. నీరు చేతికి మెత్తగా తగులునని కాదు సుమా!

మనసు మెత్తబడుట రెండు భాషలలోను కలదు. ఇది తాకెడి మెత్తదనమునుండి పుట్టిన అలంకారమని తోచును గాని, ప్రాచీనాంగ్లమున 'సాఫ్ట్' అను మాటకు నెమ్మది, సాధుత్వము, సుఖము అనునవే మొదటి అర్థములు. చేతికి తగులు మెత్తదనము తరువాత చేరినది.

అన్నిటికంటె జాగ్రత్త వలసినది రాజకీయ వార్తలలో. ఒక ప్రభుత్వము తన వైఖరిని 'సాఫెన్' చేసినదని ఆంగ్లమున వచ్చినచో, పట్టు కొంత సడలించినదని మాత్రమే భావము. దానిని 'మెత్తబడినది' అని తెనిగించినచో, లొంగిపోయినదని మన చెవికి వినబడును. సంధి కుదరకమునుపే కుదిరినట్లు వినువారు భ్రమపడుదురు. 'పట్టు సడలించినది' అనుటయే మేలు.

'సాఫెన్ ది బ్లో' అను పలుకుబడి నిత్యము వినవచ్చును. ఉద్యోగము పోయిన వానికి మూడు నెలల జీతము ముందుగా ఇచ్చిన, దెబ్బ తీవ్రత తగ్గించినట్లు. దుర్వార్తను మెల్లగా, ముందువెనుకలు చూచి చెప్పుటయు ఇదియే. వార్త మారదు, తగులు తీరు మారును.

చివరకు 'అప్' చేరినపుడు మాట స్వభావమే మారిపోవును. 'సాఫెన్ అప్' అనునది రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనికుల నోట విరివిగా ఆడిన మాట. దాడికి ముందు ఫిరంగులతోను, బాంబులతోను శత్రుస్థావరమును బలహీనపరచుట అని అర్థము. 1945 ఫిబ్రవరిలో ఇవోజిమా దీవిపై అమెరికా నౌకలు మూడు దినములు అట్లే గుండ్లు కురిపించినవి. అయినను సొరంగములలోని జపాను సైనికులు పెక్కురు చెక్కుచెదరలేదు. ఇంటిలో ఇదే మాటకు కాకా పట్టుట యని అర్థము. సైకిలు కావలసిన పిల్లవాడు తండ్రి కాళ్లొత్తుట 'సాఫెన్ అప్'. తండ్రి జాలిపడి సరే యనుట వట్టి 'సాఫెన్'.