చిన్న బోల్టు - పెద్ద నష్టం

అప్పు చేసి కారు కొంటారు. అద్దెకు తిప్పుతారు. నెల నెలా కిస్తీ కట్టాలి. కారు నడిస్తేనే ఇల్లు నడుస్తుంది. అలాంటి కారును ఒక చిన్న బోల్టు మూలన పడేయగలదు. ఎలాగో చూద్దాం.

ఆ బోల్టు ఎక్కడుంటుంది?

బండి ఇరుసుకు కందెన వేస్తాం కదా! కారు ఇంజనుకు కూడా అలాగే ఆయిల్ కావాలి. చిన్న కారులో సుమారు 3 లీటర్లు పోస్తారు. అది ఇంజను అడుగున తొట్టిలో నిలుస్తుంది. ఈ తొట్టిని మెకానిక్కులు ఛాంబర్ అంటారు. దాని అడుగున ఒక కన్నం ఉంటుంది. ఆ కన్నానికి బిరడాలాంటిదే డ్రెయిన్ బోల్టు. పాత ఆయిల్ తీసేటప్పుడు దీన్ని విప్పుతారు.

వేరే బోల్టు వేస్తే ఏమవుతుంది?

"కంపెనీది ఎందుకమ్మా? ఇదీ సరిపోతుంది" అని షెడ్డులో ఒక్కోసారి బయటి బోల్టు వేసేస్తారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ లావు ఒక్కటి కుదిరితే చాలదు. మర చుట్ల మధ్య దూరం కూడా కుదరాలి.

చాలా హోండా కార్లలో ఈ బోల్టు లావు 14 మిల్లీమీటర్లు. చుట్ల మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు. 14 లావులోనే 1.25 దూరం ఉన్న బోల్టులు కూడా దొరుకుతాయి. అలాంటిది మొదట కొంచెం ఎక్కుతుంది. తర్వాత పట్టేస్తుంది. అప్పుడు బలవంతంగా తిప్పితే కన్నంలోని మర తెగిపోతుంది. ఛాంబర్ అల్యూమినియంది అయితే ఇంకా తొందరగా తెగుతుంది. ఉక్కు బోల్టు ముందు అది మెత్తన కదా! ఇక కొత్త మర వేయించాలి. లేదంటే ఛాంబరే మార్చాలి.

వాషరు సంగతి

చాలా కార్లలో బోల్టుకు మెత్తటి రాగి వాషరో, అల్యూమినియం వాషరో ఉంటుంది. బిగించినప్పుడు అది నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగింది మళ్లీ సరిగా మూయకపోవచ్చు. పాతదే వేస్తే ఆయిల్ చుక్క చుక్కగా కారుతుంది. కారుతోందని ఇంకా గట్టిగా బిగిస్తారు. దాంతో మర తెగుతుంది.

కొళాయి మంచిదేనా?

కొందరు బోల్టు తీసేసి చిన్న కొళాయి పెట్టిస్తారు. మీట తిప్పితే చాలు, ఆయిల్ దిగిపోతుంది. పని సులువే. కానీ అది బోల్టు కన్నా కిందికి వేలాడుతుంది. గతుకుల దారిలో రాయి తగిలితే విరగొచ్చు. మీట కదలకుండా క్లిప్పు లేకపోతే దానంతటదే తెరుచుకోవచ్చు.

ఎర్ర దీపం వెలిగితే?

ఆయిల్ పోతే స్టీరింగు ముందు ఎర్ర దీపం వెలుగుతుంది. దాని మీద నూనె డబ్బా బొమ్మ ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని దాని అర్థం. "ఇంటికెళ్లి చూద్దాంలే" అనుకోకూడదు. వెంటనే పక్కకు ఆపి ఇంజను కట్టేయాలి. అలాగే నడిపితే ఇంజను పట్టేస్తుంది. బోల్టు దగ్గర మిగిలింది కొద్ది డబ్బే. ఇంజను పనికి వేలకు వేలు పోయాలి.

మీరు ఏం చేయొచ్చు?

1. బోల్టు కొనేటప్పుడు కారు పేరు, మోడల్, సంవత్సరం చెప్పండి. పొట్లం మీద నంబరు చదవండి. అది మీ కారుకు సరిపోయేదేనా అని అడగండి.
2. ఆయిల్ మార్చినప్పుడు బిల్లు తీసుకోండి. కొత్త వాషరు వేశారో లేదో అందులో చూడండి.
3. మర్నాడు పొద్దున కారు నిలిపిన చోట నేల చూడండి. నల్లటి మరక ఉంటే కారు తీయనివ్వకండి.
4. వారానికోసారి ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూడమనండి. కారు చదునైన నేల మీద ఉండాలి. ఇంజను ఆపి కొద్ది నిమిషాలు కావాలి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉంటే సరి.

కారు ఆయన నడుపుతారు. బిల్లు మీరు చదవగలరు. రెండూ కలిస్తేనే కారు నిలుస్తుంది.

ఆలోచించండి

డ్రెయిన్ బోల్టు లావు ఒక్కటి కుదిరితే ఎందుకు చాలదు?
మీ ఇంట్లో ఆటో, ట్రాక్టరు, మోటారు సైకిలు ఉన్నాయా? వాటి ఆయిల్ బోల్టు ఎక్కడుందో అడిగి చూడండి.