ఊరందరి మంచుకొండ



మంచు అంటే మనకు ఏం గుర్తొస్తుంది? సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కమ్ముకునే పొగమంచు. పొద్దెక్కితే అది పోతుంది. కొన్ని చలి దేశాల్లో అలా కాదు. అక్కడ ఆకాశం నుంచి మంచు దూదిపింజల్లా రాలుతుంది. దారుల మీద, ఇళ్ళ కప్పుల మీద మోకాలి లోతున పేరుకుంటుంది. నెలల తరబడి కరగదు. అలాంటి ఒక ఊరు ఉంది. ఆ ఊరికి ఒక కొండ ఉంది. దాన్ని చూసొద్దాం రండి.

ఆ ఊరు ఎక్కడుంది?

అమెరికా దేశంలో కొలరాడో అనే రాష్ట్రం ఉంది. అక్కడి కొండల నడుమ ఉన్న చిన్న ఊరు స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్. స్టీమ్‌బోట్ అంటే ఆవిరితో నడిచే పడవ. స్ప్రింగ్ అంటే నీటి ఊట. అక్కడి ఒక ఊట ఆవిరి పడవలా చప్పుడు చేసేదట. అందుకే ఆ పేరు వచ్చింది. మొదట్లో అక్కడివాళ్ళు పశువులను పెంచి బతికేవాళ్ళు.

ఊరిని ఆనుకుని యాంపా నది పారుతుంది. బజారు నుంచి వంతెన దాటితే చాలు, కొండ వచ్చేస్తుంది. దాని పేరు హోవెల్సెన్ కొండ. ఎత్తు ఎక్కువేం కాదు. కింది నుంచి పైకి సుమారు 440 అడుగులు. కానీ దాని కథ పెద్దది.

తాపీ మేస్త్రీ నేర్పిన ఆట

కార్ల్ హోవెల్సెన్ నార్వే దేశంలో పుట్టాడు. బతుకుతెరువు కోసం అమెరికా వచ్చాడు. తాపీ పని చేశాడు. కొన్నాళ్ళు సర్కస్‌లో స్కీ కట్టుకుని దూకి చూపించాడు. 1913లో ఈ ఊరు చేరాడు.

స్కీ అంటే ఏమిటి? పొడవుగా, సన్నగా ఉండే పలక. ముందు కొస పైకి వంగి ఉంటుంది. కాలికొకటి కట్టుకుంటారు. బురదలో పలక వేసి దాని మీద నిలబడితే కాలు దిగబడదు కదా! ఇదీ అంతే. మనిషి బరువు పలకంతా పరుచుకుంటుంది. కాలు మంచులో కూరుకుపోదు. వాలులో జారుకుంటూ వేగంగా కిందికి రావచ్చు.

ఆ రోజుల్లో చలికాలం వస్తే ఊరంతా ఇళ్ళలోనే ముడుచుకునేది. హోవెల్సెన్ పిల్లలను, పెద్దలను బయటికి పిలిచాడు. స్కీ నేర్పాడు. 1914లో ఊరు కలిసి మొదటి చలికాలపు సంబరం చేసుకుంది. 1915 నుంచి ఈ కొండ మీద ఆట సాగుతోంది. తర్వాత అతను సొంత దేశం వెళ్ళిపోయాడు. నేర్పిన విద్య మాత్రం ఊళ్ళో నిలిచింది.

అక్కడ ఏం చూడవచ్చు?

బడి వదలగానే పిల్లలు కొండకు వస్తారు. సంఘం వాళ్ళు వాళ్ళకు ఆట నేర్పుతారు. పైకి వెళ్ళడానికి లిఫ్టు ఉంది. తీగకు వేలాడే కుర్చీలు మనుషులను పైకి మోస్తాయి. చీకటి పడితే దీపాలు వేస్తారు. మంచు చాలకపోతే యంత్రాలతో చలిగాలిలోకి నీళ్ళు చిమ్మి మంచు తయారుచేస్తారు.

సంబరం రోజుల్లో లారీలతో మంచు తెచ్చి పెద్ద వీధిలో పరుస్తారు. గుర్రాలు పరుగెత్తుతాయి. వాటి వెనక తాడు పట్టుకుని పిల్లలు స్కీల మీద జారుతూ పోతారు. బడి పిల్లలు స్కీల మీదే నడుస్తూ బ్యాండు వాయిస్తారు!

ఈ ఊళ్ళో పెరిగి, ఇక్కడ నేర్చుకుని, సుమారు 100 మంది ఒలింపిక్ పోటీలకు వెళ్ళారు.

ఆడవాళ్ళు దూకకూడదా?

కొండ వాలులో కట్టిన మెట్ట నుంచి గాలిలోకి దూకడం ఒక ఆట. ఒలింపిక్స్‌లో మగవాళ్ళకు ఈ పోటీ 1924లోనే పెట్టారు. ఆడవాళ్ళ ఒంటికి ఇది పడదని కొందరు పెద్దలు అన్నారు. ఆడవాళ్ళు ఊరుకోలేదు. 2009లో కెనడాలో కోర్టుకు వెళ్ళారు. ఇది వివక్షేనని జడ్జి ఒప్పుకున్నారు. కానీ పోటీ పెట్టమని చెప్పే అధికారం తమకు లేదన్నారు. చివరికి 2014లో ఆడవాళ్ళకూ పోటీ పెట్టారు. 90 ఏళ్ళు పట్టింది! ఇప్పుడు హోవెల్సెన్ కొండ మీద ఆడపిల్లలూ దూకడం నేర్చుకుంటున్నారు.

ఖర్చు ఎవరిది?

అదే ఊళ్ళో ఇంకో పెద్ద కొండ ఉంది. అక్కడ స్కీ ఆట 1963లో మొదలైంది. అది కంపెనీ వ్యాపారం. రద్దీ రోజుల్లో ఒక్కరోజు టికెట్ 200 డాలర్లు దాటుతుంది. కూలినాలి చేసేవాళ్ళు అంత పెట్టగలరా?

హోవెల్సెన్ కొండ మాత్రం మునిసిపాలిటీది. అంటే ఊరందరిదీ. టికెట్ తక్కువ. ఇటీవలి ఏళ్ళలో చలికాలం ఆదివారాల్లో ఉచితంగా ఆడనివ్వడం మొదలుపెట్టారు.

అయితే కష్టాలూ ఉన్నాయి. కొండ నేల గట్టిది కాదు. అప్పుడప్పుడు జారుతుంది. దాన్ని కట్టుదిట్టం చేయాలి. పాత లిఫ్టు మార్చాల్సి వచ్చింది. 2021లో కొత్తది పెట్టారు. టికెట్ల డబ్బు వీటికి చాలదు. మిగతాది ఊరి పన్నుల నుంచే రావాలి.

"నష్టం వస్తోంది కదా, ఎందుకు నడపడం?" అని అడగవచ్చు. బడికి లాభం చూస్తామా? చెరువుకు లాభం చూస్తామా? ఆ ఊరివాళ్ళు కొండనూ అలాగే చూసుకున్నారు. అందుకే నూరేళ్ళు దాటినా అది పిల్లలందరికీ అందుబాటులో ఉంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో అందరిదీ అయినది ఏముంది? చెరువా, బడా, ఆటస్థలమా?
2. దాన్ని ఎవరు బాగుచేస్తున్నారు? ఖర్చు ఎక్కడి నుంచి వస్తోంది?
3. మీ ఊళ్ళో ఆడపిల్లలు ఆడుకోవడానికి చోటు ఉందా? లేకపోతే ఏం చేయాలి?