స్తంభం పోగా... నడవడానికెంత?

బందరు నుంచో అవనిగడ్డ నుంచో పొద్దున్నే బస్సెక్కి బెజవాడలో దిగేవాళ్లలో చాలామందిది సూర్యారావుపేట ఆసుపత్రుల దారే. మోకాళ్ల నొప్పులవాళ్లు, కళ్లకు శుక్లాలొచ్చినవాళ్లు, చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్లు... అందరికంటే మంచి దారి కావలసింది వీళ్లకే. ఫుట్‌పాత్ ఎక్కి పదడుగులు వేశారో లేదో ఎదురుగా కరెంటు స్తంభం. దాన్ని తప్పించుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె. అదీ దాటితే కేబుల్ పెట్టె. ఇక లాభం లేదని రోడ్డు మీదకి దిగితే వెనకనుంచి ఆటో హారను!

కరెంటు వద్దనీ ఇంటర్నెట్ వద్దనీ ఎవరంటారు? పేచీ అంతా ఆ పెట్టెను ఎక్కడ పెట్టారన్న దగ్గరే.

రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికో లెక్క చెప్పింది. ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఖాళీగా ఉండాలి. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చినా ఒరుసుకోకుండా సాగిపోయే కొలత అది. స్తంభాలు, పెట్టెలు, చెట్లు రోడ్డు అంచున విడిగా ఓ వరసలో ఉండాలి. కాగితం మీద ఫుట్‌పాత్ ఎంత వెడల్పున్నా, స్తంభానికీ గోడకీ మధ్య మిగిలిందే అసలు దారి.

చూపు లేనివారి కష్టం ఇంకో రకం. చేతికర్ర నేలను తడుముతుంది కాబట్టి నేల మీదున్న దిమ్మె తెలుస్తుంది. స్తంభానికి నడుమెత్తులో బిగించిన పెట్టె తెలియదు, కర్ర దాని కిందనుంచి వెళ్లిపోతుంది. ఏటవాలుగా లాగి కట్టిన స్టే వైరు మరీ ప్రమాదం. అది ముందు తగిలేది నుదుటికే. గుంత చుట్టూ కట్టే రంగు రిబ్బనూ అంతే, చూపున్నవాళ్లకే హెచ్చరిక. కర్రకు తగిలేలా కింద అడ్డకర్ర ఉన్న బారికేడు కావాలి, పక్కనే నడవడానికి తాత్కాలిక దారీ ఉండాలి.

గుంత పూడ్చాక కథ అయిపోతుందా అంటే, మన డెల్టా నల్లమట్టి ఒప్పుకోదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. పొరలు పొరలుగా నీళ్లు చల్లి దిమ్మిస చేయకుండా పైన టైల్స్ పరిచేస్తే, ఎండాకాలం పూడ్చిన గుంత తొలకరి వానకే కుంగుతుంది. ఓ పక్క రెండంగుళాలు దిగిన టైలు చాలు, పెద్దవాళ్ల తుంటి ఎముక విరగడానికి.

ఎవరికి వారే తవ్వుతారు. కరెంటు ఒకరిది, కేబుల్ ఇంకొకరిది, మంచినీళ్లు మరొకరివి. ఒకరి కేబుల్ ఇంకొకరు తెంపకుండా, తవ్వేముందు సమాచారమిచ్చేందుకు 2023 మార్చిలో కేంద్రం ఓ యాప్ తెచ్చింది. కింద కేబుల్‌కి ఆ మాత్రం రక్షణ దొరికింది, పైన నడిచే మనిషికే ఇంకా దొరకలేదు! బెంగళూరు టెండర్ ష్యూర్ రోడ్లలో మాత్రం ఫుట్‌పాత్ కిందే గొట్టాలు వేసి, అక్కడక్కడా గదులు కట్టారు. కొత్త కేబుల్ వెయ్యాలంటే మూత తీసి లాగడమే. ఖర్చు ఎక్కువే. పాతబస్తీ సందుల్లో అది కుదిరేదీ కాదు. అలాంటి చోట కనీసం వీధికి ఒక వైపైనా ఖాళీగా ఉంచవచ్చు.

చట్టం బలంగానే ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కనీ, రాజ్యాంగం 21వ అధికరణం కిందకే వస్తుందనీ 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. వికలాంగులకూ పనికొచ్చేలా అవి ఉండాలంది.

స్తంభం పాతేముందు ఆ చోట ఓ గుర్తు పెడతారు. దాన్ని రెండడుగులు పక్కకి జరపడానికి ఓ టేపు, ఓ మనిషి చాలు. సిమెంటు పోసి వైర్లు లాగాక జరపాలంటే కరెంటు ఆపాలి, క్రేను రావాలి, అంచనాలు వెయ్యాలి, ఆ బిల్లు ఎవరు కట్టాలో తేలాలి. ఈలోగా రోడ్డు మీదే నడక.