అరకు: వానకి తలుపు బిగుసుకుందా? చిత్రిక పట్టించే ముందు ఒక్క నిమిషం!

మొన్నటిదాకా తేలిగ్గా పడిన వీధి తలుపు, వానలు మొదలయ్యాక భుజంతో తోస్తేగానీ పడట్లేదా? వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించేద్దాం అనుకుంటున్నారా? ఆగండి. అసలు నష్టం అక్కడే!

అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. జూన్ నుంచి వాన, ఆ తర్వాత పొగమంచు. గాలిలో తేమ పీల్చుకుని చెక్క ఉబ్బుతుంది. అదీ నిలువునా కాదు, అడ్డంగా. అందుకే గడియ వైపు పట్టేస్తుంది. ఎండలు ముదిరితే మళ్లీ కుంచించుకుపోతుంది. వానల్లో చిత్రిక పట్టించిన తలుపుకి అప్పుడు సందు పడుతుంది. తీసేసిన చెక్కని తిరిగి అతికించలేం కదా!

ముందు బందుల స్క్రూలు చూడండి. అవి వదులైతే రెక్క వాలి గడపకి రాస్తుంది, తప్పు చెక్కది కాదు. పట్టేసే చోట కొవ్వొత్తి రుద్దితే ఈ సీజన్ గడిచిపోతుంది. వేసవిలో కూడా బిగుసుకుంటేనే చిత్రిక. వార్నిష్ వేయించేటప్పుడు తలుపు పై అంచు, కింది అంచు వదలొద్దు. కనపడవని అందరూ వదిలేసేది వాటినే, తేమ ఎక్కువగా లాగేదీ అవే. రోజూ గడప కడిగి పసుపు రాసే ఇళ్లలో ద్వారబంధం అడుగు కూడా చూసుకోండి, పుచ్చు మొదలయ్యేది అక్కడే.

కొత్త తలుపు చేయిస్తున్నారా? టేకు ఖరీదే, కానీ తక్కువ ఉబ్బుతుంది, చెదల్ని తట్టుకుంటుంది. కాఫీ తోటల్లో నీడకి పెంచే సిల్వర్ ఓక్ చవగ్గా దొరికినా వీధి తలుపుకి వద్దు. ఏ చెక్కైనా బాగా ఆరిందే తీసుకోండి, పచ్చిదైతే వంకర తిరుగుతుంది. టేకు కలప కొని తెచ్చుకుంటే బిల్లు, అటవీ శాఖ రవాణా పర్మిట్ దగ్గర ఉంచుకోండి. చెక్‌పోస్టులో ముందు అడిగేది వాటినే.