తెరకెక్కిన పద్యనాటకము

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములందు తెల్లవార్లు పద్యనాటకములాడిన దినములను పెద్దలు మఱచియుండరు. రాయబారఘట్టమున కృష్ణుడు పద్యమందుకొనగనే సభ ‘వన్సుమోరు’ అనెడిది. నటుడు మరల, ఈమారు రాగమును మఱికొంత సాగించి పాడెడివాడు. పద్యపు నిడివిని నిర్ణయించినది ప్రేక్షకుడే.

తెరపై ఈ హక్కు లేదు. 1960లో వచ్చిన ‘శ్రీకృష్ణ రాయబారము’ చిత్రమున కృష్ణుడు రంగస్థలమున పేరొందిన రఘురామయ్యగారే. కంఠమదియే, మనమెంత చప్పట్లు చరచినను పద్యము మరల రాదు. (రేడియో పెట్టెయెదుటను మనకిదే చిక్కు!)

అయినను లాభమును కాదనలేము. కాళ్లకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ 1939లో చిత్రమైనది. స్త్రీపాత్రలను పురుషులే ధరించు నాటకశాలలలో, కట్నమునకు బలియైన కాళింది దుఃఖమును మీసము గొరిగించుకొన్న ముఖమున చూడవలసివచ్చెడిది. తెరపై కాళింది భానుమతిగారు. అదే ఆమె తొలిచిత్రము. అప్పటికామె ఇంకను బాలికయే.