విస్టార్ ఎలుకలలో స్థూలకాయ ఉత్పరివర్తనం – శారీరక, ఆరోగ్య పరిణామాలు

స్థూలకాయానికి అతిగా తినడమే కారణమన్న అభిప్రాయం సమాజంలో బలంగా నాటుకొని ఉంది. ఆకలిని, కొవ్వు నిల్వను నియంత్రించే జన్యువులలో కలిగే స్వల్ప మార్పు సైతం ఈ స్థితికి దారితీయగలదని ప్రయోగశాల జంతువులపై జరిగిన పరిశోధనలు నిరూపించాయి. ఈ పరిశోధనలలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు ప్రత్యేక స్థానం ఉంది.

నేపథ్యం

1950లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు 'ఓబ్' అనే ఉత్పరివర్తనం గల స్థూలకాయ చుంచెలుకలను వర్ణించారు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ జన్యువును గుర్తించింది. కొవ్వు కణజాలం నుండి వెలువడి, శరీరంలోని కొవ్వు నిల్వల సమాచారాన్ని మెదడుకు చేరవేసే లెప్టిన్ హార్మోను ఈ జన్యువు ద్వారానే తయారవుతుంది. ఓబ్ చుంచెలుకలలో లెప్టిన్ లోపించడం వలన ఆకలి తీరదు. వాటికి సాధారణ చుంచెలుకలతో సమానంగా ఆహారాన్ని పరిమితం చేసినప్పటికీ కొవ్వు అధికంగానే చేరుతుంది. లెప్టిన్‌ను ఇంజెక్షన్ ద్వారా అందించినప్పుడు ఆకలి, బరువు తగ్గుతాయి.

హైదరాబాదు ఎలుకలు

జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా అంతఃప్రజననం ద్వారా పోషిస్తున్న విస్టార్ ఎలుకల సంతతిలో సహజసిద్ధంగా తలెత్తిన స్థూలకాయ ఉత్పరివర్తనాన్ని ఎన్.వి.గిరిధరన్, సహశాస్త్రవేత్తలు 1996లో ప్రకటించారు. దీని నుండి రెండు వంశక్రమాలను అభివృద్ధి చేశారు. మొదటిది డబ్ల్యు.ఎన్.ఐ.ఎన్./ఓబ్. రెండవదైన డబ్ల్యు.ఎన్.ఐ.ఎన్./జి.ఆర్.-ఓబ్ ఎలుకలలో స్థూలకాయంతోపాటు గ్లూకోజును తట్టుకొనే శక్తి కూడా తగ్గి ఉంటుంది.

వారసత్వ విధానం

ఈ లక్షణం అసంపూర్ణ బహిర్గతత్వాన్ని చూపుతుంది. ఎర్రపూల, తెల్లపూల చంద్రకాంత మొక్కల సంకరణంలో గులాబీ రంగు పూలు వచ్చినట్లే, ఒక ఉత్పరివర్తన జన్యువు మాత్రమే గల వాహక ఎలుకలు బక్కపలుచని, స్థూలకాయ ఎలుకలకు నడిమి స్థితిలో ఉంటాయి. స్థూలకాయ ఎలుకలకు సంతానోత్పత్తి శక్తి ఉండదు. అందువలన వాహకాలను పరస్పరం సంపర్కం చేయించి వంశాన్ని నిలుపుతారు. ఆ సంతతిలో బక్కపలుచని, వాహక, స్థూలకాయ ఎలుకలు 1:2:1 నిష్పత్తిలో లభిస్తాయి.

శారీరక, ఆరోగ్య ప్రభావాలు

సుమారు 35 రోజుల వయస్సులోనే స్థూలకాయం గుర్తించదగిన స్థాయికి చేరుతుంది. ఈ ఎలుకలు ఆహారాన్ని, నీటిని అధికంగా తీసుకొంటాయి. మూత్ర విసర్జన ఎక్కువగా ఉండి, మూత్రంలో మాంసకృత్తులు కనిపిస్తాయి. రక్తంలో ఇన్సులిన్, కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. వయస్సుతోపాటు కొన్నింటిలో కంటిశుక్లం, నేత్రపటల క్షీణత, కణుతులు ఏర్పడతాయి. రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. ఆయుర్దాయం సాధారణ ఎలుకల కంటే గణనీయంగా తక్కువ.

ప్రాముఖ్యం

ఓబ్ చుంచెలుకలలో లెప్టిన్ లోపించగా, హైదరాబాదు ఎలుకల రక్తంలో అది అధికంగా ఉంటుంది. అంటే సంకేతం వెలువడుతున్నా శరీరం దానికి స్పందించడం లేదు. స్థూలకాయం గల మానవులలో అత్యధికులది ఇదే స్థితి. పుట్టుకతో లెప్టిన్ లోపించినవారు చాలా అరుదు. అందువలన మానవ స్థూలకాయ అధ్యయనానికి ఈ నమూనా ఎంతో దగ్గరగా ఉంటుంది. ఈ ఉత్పరివర్తనం 5వ క్రోమోజోముపై, లెప్టిన్ గ్రాహక జన్యువుకు సమీప ప్రాంతంలో ఉన్నట్లు జన్యుపట అధ్యయనాలు సూచించాయి.

అయితే ఒకే జన్యువు మార్పుతో ఎలుకలో కలిగే ఫలితాన్ని మనిషికి యథాతథంగా అన్వయించరాదు. మానవులలో అనేక జన్యువులతోపాటు ఆహారం, శారీరక శ్రమ, పరిసరాలు కలసి పనిచేస్తాయి. కనుక గ్రామాలలో పోషకాహార విజ్ఞానాన్ని అందించే విస్తరణ శాస్త్రవేత్తలు మితాహారం, శ్రమల ప్రాధాన్యాన్ని వివరిస్తూనే, స్థూలకాయాన్ని వ్యక్తి దోషంగా చిత్రించకుండా వైద్య సలహా వైపు మళ్లించడం శ్రేయస్కరం.